నూట డెబ్బై ఆరు రోజులు

రువి గడియారస్తంభం వెనక సందులో
మా టైపింగ్ సెంటర్.
పేజీకి ఐదొందల బైసలు.
అరబ్బీ వైపు యూసుఫ్ కొడతాడు, ఇంగ్లీషు వైపు నేను.
పన్నెండేళ్లుగా
పోయిన పాస్‌పోర్టులకు, పుట్టిన పిల్లలకు,
కఫీల్ మారిన డ్రైవర్లకు,
ఊరెళ్లే శవపేటికలకు కూడా
ఈ వేళ్లే కాగితాలు కట్టాయి.
చదువుకోడానికి ఆర్నెల్లు ఎస్తోనియా పోతానని
ఎవరూ రాలేదు ఇంతవరకు.

మొన్న ఆదివారం
నిస్సీ వచ్చింది, ప్లాస్టిక్ ఫైలు గుండెకు ఆనించుకుని.
వెనకాల ఏలియా,
మత్రా చేపల మార్కెట్‌కి ఐసు తోలే లారీ ఏలియా.
చెప్పులు బయట విడిచి
తడి పాదాలతో లోపలికొచ్చాడు.
"ఇది ఆఫీసే అన్నా, చెప్పులేసుకో"
అంటే వినడు.

మొదటి గడి: ఇంటిపేరు.
పాస్‌పోర్టులో ఆ చోటు ఖాళీ.
తండ్రిది ఏజెంటు తొందరలో వదిలేశాడట,
అది చూసి కూతురిదీ అట్లాగే వచ్చింది.
"గెద్దాడ" అన్నాడు ఏలియా మెల్లగా,
ఎవరిదో పేరు గుర్తు చేసుకుంటున్నట్టు.
కాగితంలో లేనిది నేను కొట్టకూడదు.
చిన్న గీత పెట్టాను.

శాశ్వత చిరునామా.
రాజోలేనా? అన్నాను.
"అక్కడ మొత్తం కలిపి ముప్పై నాలుగు రోజులున్నానక్కా,
లెక్కేశాను."
పోనీ ఇక్కడిదంటే
ఇక్కడ ఎవరికైనా ఉండేది పోస్టు పెట్టె,
అదీ కంపెనీది.
కిటికీ లేని ఆ ఇనప పెట్టె నంబరే కొట్టాను.

బ్యాంకు కాగితం.
రెండు వేల రియాళ్లు
మూడు నెలలు కదలకుండా పడుండాలట.
చీటీ ముందే పాడుకుని తెచ్చి వేశాడు ఏలియా.
"ఐసైతే గోనెపట్టా కప్పి ఆపుతానమ్మా,
డబ్బుకేం కప్పాలి?"
నవ్వబోయి
అతను నవ్వట్లేదని ఆగాను.

ఆఖరి ప్రశ్న: మా దగ్గరికే ఎందుకు?
ఇట్లాంటివి నేనే అల్లేస్తాను,
మీ ఘనమైన సంస్థలో అని మొదలెట్టి.
నిస్సీ కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టింది.
తెలుగులో చెప్పుకుంటూ, తనే ఇంగ్లీషు చేసుకుంటూ,
నాచేత కొట్టించింది:

తెల్లారి మూడింటికి గాలా ఫ్యాక్టరీలో
మా నాన్న ఐసు దిమ్మెలు ఎక్కిస్తాడు.
అల్ ఖువైర్ దాటేసరికి మొదటి చుక్క.
మత్రా చేరేసరికి దిమ్మెకు గుప్పెడు తక్కువ.
ఆ గుప్పెడంతా ఆయన జీతంలో కోత.
ఎండ ఎంత తింది, గాలి ఎంత తింది,
ఎవరూ చెప్పలేదు.
పదేళ్లప్పుడు వంటింటి తక్కెడలో నేనే తూచాను.
మీ సరస్సు మీద ఐసును కొలిచే పాఠం ఉందని చదివాను.
ఎవరూ తయారుచెయ్యని ఐసును
నేనింతవరకూ చూడలేదు.

ఏలియా నా వైపే చూస్తున్నాడు.
"కోత సంగతి దీనికెవరు చెప్పారమ్మా?"

ఇక రోజులు.
నూట ఎనభై దాటి బయటుంటే
ఇక్కడి రెసిడెంట్ కార్డు పోతుంది.
జనవరి ఇరవై ఎనిమిది నించి ఆగస్టు మూడు,
వేళ్ల మీద ఒకసారి,
గోడమీది మనీ ఎక్స్ఛేంజ్ క్యాలెండర్ మీద ఒకసారి:
నూట ఎనభై ఎనిమిది.
ముగ్గురం మళ్లీ లెక్కపెట్టాం,
తప్పు దొరుకుతుందేమోనని.
దొరకలేదు.
నిస్సీ పెన్ను తీసి ఆఖరి పన్నెండు రోజులు కొట్టేసింది.
"ఆ రోజుల్లో ఏముంది తల్లీ?"
"పడవలో తీసుకెళ్తారట నాన్నా.
పర్లేదు,
అప్పటికి అక్కడ ఐసుండదు."

మౌస్ ఏలియా చేతికిచ్చాం.
చొక్కాకు రెండుసార్లు వేలు తుడుచుకుని నొక్కాడు.
మీ నమోదు అందింది అని వచ్చింది తెర మీద.
ఏం రాసుందని అడగలేదు.

"అంత ఐసు ఎవరు దింపుతారే అక్కడ?"
"ఎవరూ దింపరు నాన్నా. ఎండలొస్తే అదే పోతుంది."
కాసేపు ఆలోచించాడు.
"మరి కోతెవరికి?"

యూసుఫ్ తర్వాతి టోకెన్ పిలిచాడు.